చలికి బయటి దేశం పాము చచ్చిపోతుందా? ఫ్లోరిడాలో జరిగింది, తిరుపతిలో జరిగేది

మీ ప్రశ్న చదివాను. తిరుపతిలో మీ అపార్ట్‌మెంట్‌లో ఒకరు పెంచుకుంటున్న బాల్ పైథాన్ (బంతిలా ముడుచుకునే చిన్న రకం ఆఫ్రికా కొండచిలువ) నాలుగు రోజుల కిందట పెట్టె మూత సందులోంచి బయటపడింది. ఎంత వెతికినా దొరకలేదు. వాళ్లేమో "అది ఆఫ్రికా పాము, ఈ ధనుర్మాసం చలికి అదే పోతుంది, ఫ్లోరిడాలో కొండచిలువలన్నీ చలికే చచ్చాయి కదా" అంటున్నారు. ఇది నిజమా, కాకపోతే అది శేషాచలం అడవిలోకి చేరి పెరిగిపోతుందా అని మీ టెన్షన్.

ఇరవై రెండేళ్లుగా తిరుపతి, చంద్రగిరి, పాకాల వైపు ఇళ్లలో దూరిన పాములను పట్టి అడవికి చేరుస్తున్నాను. ముందు జవాబు చెప్పేస్తాను. మన చలికే ఆ పాము చస్తుందనుకోవద్దు. దాన్ని నమ్ముకుని వెతకడం ఆపకండి. ఒక్క పాము తప్పించుకున్నంత మాత్రాన అడవి నిండిపోతుందని కూడా భయపడకండి. కానీ ఆ ఫ్లోరిడా కథను వాళ్లు సగమే చెప్పారు. మిగతా సగం తెలిస్తే ఎవరూ "చలే చూసుకుంటుందిలే" అనరు.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం దక్షిణాన ఎవర్‌గ్లేడ్స్ అని పెద్ద చిత్తడి నేల ఉంది. అక్కడ చేరింది బర్మా కొండచిలువ. మన కొండచిలువకు దగ్గరి చుట్టం, 2009 దాకా రెండింటినీ ఒకే జాతి కింద లెక్కేసేవారు. పెంపుడు పాముగా ఆసియా నుంచి ఓడల్లో, విమానాల్లో వెళ్లింది. కొన్నప్పుడు మూరెడుకు కాస్త ఎక్కువ ఉంటుందంతే. నాలుగైదేళ్లకు మంచం కన్నా పొడవైపోతుంది. మేపలేక, ఇంట్లో ఉంచలేక చాలామంది తీసుకెళ్లి చిత్తడిలో వదిలేశారు. 1992లో ఆండ్రూ తుపానుకు పాములను పెంచే కేంద్రమొకటి ధ్వంసమై అందులోవీ బయటపడ్డాయి. 2000 నాటికి అవి అక్కడే గుడ్లు పెట్టి జాతి నిలబెట్టుకున్నాయని శాస్త్రవేత్తలు తేల్చారు. 2012లో వచ్చిన ఒక అధ్యయనం చూస్తే గుండె బరువెక్కుతుంది. పాములు ఎక్కువ కాలంగా ఉన్న చోట రాత్రిపూట రోడ్ల మీద కనిపించే రకూన్లు అనే చిన్న జంతువులు 99 శాతం తగ్గిపోయాయి. చిత్తడి కుందేళ్లయితే ఆ సర్వేలో ఒక్కటి కూడా కనిపించలేదు.

ఇక 2010 జనవరి. దక్షిణ ఫ్లోరిడాలో ఒక రాత్రి చలి పడటం, మర్నాడు ఎండ కాయడం మామూలే. ఆ ఏడు అలా కాలేదు. పది రోజులకు పైగా వరసగా రాత్రుళ్లు పది డిగ్రీల కిందికి పోయాయి, పగళ్లు కూడా వేడెక్కలేదు. అప్పటికి ఎవర్‌గ్లేడ్స్‌లో రేడియో ట్రాన్స్‌మీటర్లు అమర్చి గమనిస్తున్న కొండచిలువలు పది ఉన్నాయి. వాటిలో తొమ్మిది చచ్చిపోయాయి. ట్రాన్స్‌మీటర్లు లేనివి 99 కనబడితే అందులో 40 చచ్చినవే. మీ పక్కింటివాళ్లు విన్న కథ ఇక్కడిదాకా నిజం. అదే లెక్కను ఇటునుంచి చూడండి: 99లో 59 బతికే ఉన్నాయి.

ఆ యాభై తొమ్మిది ఎలా బతికాయో తెలియాలంటే చలి పామును ఎలా చంపుతుందో తెలియాలి. పాముకు ఒంట్లో పొయ్యి లేదు. మనం తిన్న అన్నంలో చాలా భాగం ఒంటిని వేడిగా ఉంచడానికే ఖర్చవుతుంది. పాము ఆ ఖర్చు పెట్టదు, అందుకే నెలకొక ఎలుకతో బతుకుతుంది. బదులుగా వేడి కోసం ఎండకో, రాతికో, పుట్టకో పోవాలి. ఒళ్లు చల్లబడితే ముందు కండరాలు మాట వినవు, కదలిక మందగిస్తుంది. అరుగుదల ఆగిపోతుంది. కడుపులో కుందేలు ఉండగా చలి పట్టిందంటే అది అరగదు, లోపలే కుళ్లుతుంది. కక్కగలిగితే సరి, లేకపోతే ఆ కుళ్లే విషమవుతుంది. తర్వాత ఊపిరితిత్తులకు జబ్బు పడుతుంది. అందుకే చలికి చచ్చే పాము అందరూ అనుకున్నట్టు ఒకే రాత్రిలో గడ్డకట్టి చావాలని లేదు. రోజుల తరబడి పట్టొచ్చు.

ఇంకో సంగతి, లావుపాటి పాము త్వరగా చల్లబడదు. పెద్ద రాతిగుండు పొద్దుపోయాక కూడా వెచ్చగా ఉన్నట్టే, నలభై కిలోల కొండచిలువ ఒక రాత్రి చలిని ఒంట్లో ఉన్న వేడితోనే దాటేస్తుంది. మర్నాడు ఎండ వస్తే మళ్లీ నింపుకుంటుంది. దాన్ని దెబ్బతీసేది ఎండ లేని పగళ్లు వరసగా రావడమే.

అసలు తేడా ఎక్కడంటే, బొరియలో. చైనా దక్షిణాన, హిమాలయాల పాదాల దగ్గర ఉండే ఇవే జాతి పాములు చలికాలం రాగానే లోతైన బొరియల్లోకి దిగి వారాల తరబడి బయటికి రావు. మన దేశంలోనే రాజస్థాన్‌లో భరత్‌పూర్ పక్షుల అభయారణ్యం ఉంది. అక్కడ జనవరి రాత్రుళ్లు నాలుగైదు డిగ్రీలకు పడిపోతాయి. అక్కడి మన కొండచిలువలు ముళ్లపందులు తవ్విన బొరియల్లో చలికాలం గడుపుతాయి, మధ్యాహ్నం ఎండ బాగా కాసినప్పుడు మాత్రం బయటికొచ్చి బొరియ నోటి దగ్గరే చుట్ట చుట్టుకుని పడుకుంటాయి. ముళ్లపంది లోపల, కొండచిలువ బయట, ఒకే ఇల్లు. ఫ్లోరిడాలో పోయిన పాములు చాలావరకు ఈ పని చెయ్యలేదు. చలి పెరిగినకొద్దీ ఎండ కోసం బయటికొచ్చి, ఎండే లేని ఆకాశం కింద కదల్లేక పడిపోయాయి.

దీనికి ఇంకో రుజువు కూడా ఉంది. ఫ్లోరిడాలో పట్టిన పది కొండచిలువలను 2009లో ఇంకాస్త ఉత్తరాన ఉన్న సౌత్ కరోలినాకు తీసుకెళ్లి, కంచె వేసిన ఆవరణలో వదిలారు. దాక్కోవడానికి నేల లోపల గూళ్లు కూడా కట్టించారు. డిసెంబరులో వచ్చిన చలి రాత్రుళ్లను చాలావరకు తట్టుకున్నాయి. కానీ జనవరి గడిచేసరికి ఒక్కటీ మిగల్లేదు. పక్కనే వెచ్చటి గూడు ఉన్నా అందులోకి పోవాలన్న అలవాటు లేకపోతే లాభం లేదని దీన్నిబట్టి నాకు అర్థమైంది.

2010 తర్వాత పుట్టిన పిల్లలు ఎవరివి? ఆ చలికి తట్టుకుని బతికినవాటివే కదా. 2018లో అమెరికా శాస్త్రవేత్తలు చలికి ముందు పట్టిన పాముల జన్యువులనూ, తర్వాత పట్టినవాటి జన్యువులనూ పోల్చి చూశారు. ఆ కొద్ది ఏళ్లలోనే మార్పులు కనిపించాయి. అవి కూడా వేడీ చలీ గ్రహించడానికి, నడవడికకు, తిన్నాక అవయవాలు పెరిగి మళ్లీ తగ్గే తీరుకు సంబంధించిన జన్యువుల దగ్గర. కొండచిలువ పెద్ద ఎరను మింగాక దాని గుండె, పేగులు రెండు మూడు రోజుల్లో ఉబ్బుతాయి, అరిగాక మళ్లీ తగ్గుతాయి. అరుగుదలే చలిలో ప్రాణం తీసేదని పైన చెప్పాను కదా, మార్పుల్లో కొన్ని దానికి సంబంధించినవే. చలి ఆ గుంపును జల్లెడ పట్టింది. మిగిలినవి మునుపటికన్నా గట్టివై ఉండాలి. 2000 నుంచి ఇప్పటిదాకా ఫ్లోరిడాలో 20 వేలకు పైగా కొండచిలువలను పట్టి తీసేశారు, ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ఒక ఆడ కొండచిలువ బరువు 98 కిలోలు, కడుపులో 122 గుడ్లు ఎదుగుతూ ఉన్నాయి.

ఆ 2010 చలి అక్కడి సొంత జంతువులను కూడా వదల్లేదు. అమెరికన్ మొసళ్లు, సముద్రపు ఆవులనే మనాటీలు, లెక్కలేనన్ని చేపలు చచ్చాయి, సముద్రపు తాబేళ్లు వేలకొద్దీ మొద్దుబారి తేలితే జనం పడవల్లో ఎక్కించుకుని కాపాడారు. చలి వస్తే బయటి పాములు పోతాయని ఎదురుచూసేవాళ్లు ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చలికాలం వల్ల అక్కడ నిజమైన మేలు ఒకటుంది: అది పట్టడానికి మంచి కాలం. చల్లటి పొద్దున కొండచిలువ కాలువ గట్టెక్కి ఎండకు పడుకుంటుంది, కంటికి కనబడుతుంది. పైగా అది జతకట్టే కాలం. అందుకని మగ పాములకు ట్రాన్స్‌మీటర్ పెట్టి వదిలి, అవి ఏ ఆడ పామును వెతుక్కుంటూ పోతాయో వెంట వెళ్లి గుడ్లు పెట్టకముందే ఆ ఆడదాన్ని పడతారు. 2017 జనవరిలో ఈ పనికి మన పక్క నుంచే ఇద్దరు వెళ్లారని చాలామందికి తెలియదు. తమిళనాడులో తరతరాలుగా పాములు పట్టే ఇరుళ గిరిజనులు, మాసి సదయన్, వడివేల్ గోపాల్. మొదటి రెండు వారాల్లోనే 13 కొండచిలువలను పట్టారు, వాటిలో ఒకటి 16 అడుగులది. అక్కడివాళ్లు కార్లలో రోడ్ల వెంట వెతుకుతుంటే, వీళ్లు గడ్డిలోకి దిగి కుబుసం, రెట్ట, ఈడ్చుకుపోయిన జాడ చూసుకుంటూ బొరియ దాకా వెళ్లారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చిన రోజు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నాకు ఈ పని నేర్పింది కూడా పాకాల దగ్గర ఒక యానాది పెద్దాయన. "నాయనా, పామును వెతకొద్దు, అది చలికి ఏ సందు కోరుకుంటాదో ఆ సందును వెతుకు" అనేవాడు. మీ ఇంట్లో పామును వెతకడానికి కూడా నేను అదే చెబుతాను, చివర్లో.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. తిరుపతిలో డిసెంబరు, జనవరి రాత్రుళ్లు మామూలుగా 18 డిగ్రీల దగ్గర ఆగుతాయి. మదనపల్లె, హార్స్‌లీ కొండల వైపు ఇంకా తగ్గుతుంది, తిరుమల మీద మంచు పట్టి వణికిస్తుంది. కానీ మధ్యాహ్నానికి మన దగ్గర మళ్లీ ముప్పై డిగ్రీల దాకా ఎండ. పామును దెబ్బతీసేది ఎండ లేని పగళ్ల వరస అని చెప్పాను కదా, పది డిగ్రీల లోపు చలితో కలిసి ఆ వరస మనకు రాదు. ఇక బొరియ సంగతి. బాల్ పైథాన్ సొంత ఊరు ఘనా, టోగో, బెనిన్ లాంటి ఆఫ్రికా దేశాలు. అక్కడ అది పగలంతా ఎలుక కలుగుల్లో, చెదల పుట్టల్లో దాక్కుంటుంది. మన ఊళ్ల చుట్టూ ఉన్నవేంటి? ఎలుక కలుగులు, పుట్టలు. పుట్టలో మూరెడు లోతుకు పోతే పైన చలి ఎంతున్నా లోపల వెచ్చదనం పెద్దగా మారదు. మన నాగుపాము చలికి చేరేది కూడా అక్కడికే. కార్తీకంలో నాగుల చవితికి పుట్టలో బిందెలకొద్దీ పాలు, నీళ్లు పోయకండి, బయట నాలుగు చుక్కలు పెట్టి దణ్ణం పెట్టుకోండి అని నేను ప్రతి ఏడూ అడిగేది ఇందుకే. చలికాలం ముంగిట దాని ఇల్లు తడిపేస్తున్నాం.

అయితే ఫ్లాట్‌లో పుట్టి పెరిగిన పాముకు చలి అసలు బాధ పెట్టదా అంటే, పెడుతుంది. ఐదారేళ్ల కిందట జనవరిలో ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఒక ఇంటి పార్కింగ్‌లో "ఏదో పింజర" అని పిలిస్తే వెళ్లాను. మోటారు గది మూలలో, తడి సిమెంటు మీద, బంతిలా ముడుచుకుని ఉంది. పింజర కాదు, బాల్ పైథాన్. చేతిలోకి తీసుకుంటే కుండలో నీళ్లలా చల్లగా ఉంది. తల కిందికి దించకుండా ఆకాశం వైపు ఎత్తి పెట్టింది. ప్రతి శ్వాసకూ లోపల సన్నగా గరగర, ముక్కు రంధ్రం దగ్గర చిన్న బుడగ ఉబ్బి పగిలి, మళ్లీ ఉబ్బుతోంది. ఊపిరితిత్తులకు జబ్బు పట్టిన గుర్తు అది. పశువైద్యుడి చేతుల్లో మూడు వారాలు ఉండి తేరుకుంది. ఎవరి పామో చివరిదాకా ఎవరూ ముందుకు రాలేదు. దాన్ని అలా వదిలేస్తే రెండు మూడు నెలలు నరకం పడి చచ్చేదేమో, లేదా ఎండలొచ్చేసరికి కోలుకునేదేమో. "చలికి పోతుందిలే" అనేవాళ్లకు ఆ బుడగను ఒక్కసారి చూపించాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అడవిలో పెరిగిపోతుందా అన్న ప్రశ్నకు: ఒక్క పామే అయితే దాదాపు జరగదు. బాల్ పైథాన్ ఒక్కో కాన్పుకు ఐదారు గుడ్లే పెడుతుంది, బర్మా కొండచిలువలా పదుల లెక్క కాదు. నాకు రెండు భయాలున్నాయి. మొదటిది, ఇవి ఒక్కటీ అరా కాదు. బ్యాంకాక్ నుంచి వచ్చేవాళ్ల సంచుల్లో బాల్ పైథాన్లను చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు ఎన్నోసార్లు పట్టుకున్నారు. చెన్నై మనకు మూడు గంటల దారి. రెండోది జబ్బులు. ఫ్లోరిడాలో బర్మా కొండచిలువల వెంట ఆసియా నుంచి ఒక పరాన్నజీవి వెళ్లింది. అది ఊపిరితిత్తుల్లో ఉండి రక్తం తాగుతుంది. ఇప్పుడు అది అక్కడి స్థానిక పాములకు పట్టి, కొండచిలువలు ఇంకా చేరని ఉత్తరాదికి కూడా పాకింది. అంటే పాము చలికి పోయినా అది తెచ్చిన జబ్బు పోవడం లేదు. శేషాచలంలో మన సొంత కొండచిలువ ఉంది. జనవరిలో తలకోన దారిలో, పొద్దున తొమ్మిదింటికి రాతి మీద పరుచుకుని ఎండ కాగుతున్నదాన్ని చూశాను, ఒళ్లంతా మంచు తడి, పొలుసుల మీద ఎండ పడి నూనె రాసినట్టు మెరుస్తోంది. మన ఫ్లాట్‌లోంచి వెళ్లిన జబ్బు దానికి సోకకూడదు.

చలి అనేదే లేని చోట ఏమవుతుందో తెలియాలంటే పసిఫిక్ సముద్రంలో గ్వామ్ ద్వీపం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సరుకుల మధ్య గోధుమరంగు చెట్టుపాము అక్కడికి చేరింది. 12 రకాల అడవి పక్షుల్లో పదింటిని ఆ ద్వీపంలో లేకుండా చేసింది. చలి విషయంలో మన వాతావరణం ఫ్లోరిడా కన్నా గ్వామ్‌కే దగ్గర.

మన నేల నుంచి వెళ్లిన పామూ ఒకటుంది. వానపాములా సన్నగా, నల్లగా, పూలకుండీ ఎత్తితే కింద మెలికలు తిరిగే గుడ్డిపాము మీరూ చూసే ఉంటారు. 1803లో దానికి శాస్త్రీయ నామం పెట్టింది విశాఖపట్నం దగ్గర దొరికిన పాము ఆధారంగానే. అందులో అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే గుడ్లు పెడతాయి. కుండీ మట్టిలో ప్రయాణం చేసి ఫ్లోరిడాతో సహా ప్రపంచంలో ఎన్నో దేశాలకు పాకింది. అక్కడి చలికి ఎందుకు పోలేదంటారా? ఎప్పుడూ మట్టిలోనే ఉంటుంది కాబట్టి. మన గుడ్డిపాము ఎవరికీ హాని చెయ్యదు, కనబడితే చంపకండి.

చలికాలంలో మన పాములు ఉండవు అనే మాట కూడా నమ్మకండి. రక్తపింజర జతకట్టేది ఈ చల్లటి నెలల్లోనే, పగటిపూట కూడా తిరుగుతుంది. వేరుశనగ కుప్పలు, వరి మోపులు చెయ్యి పెట్టి ఎత్తేముందు కర్రతో కదపండి. కాటు పడితే పసరూ మంత్రం అనకుండా సూటిగా తిరుపతి రుయా ఆసుపత్రికో, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లండి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

ఇక మీ పని. బాల్ పైథాన్‌కు విషం లేదు, పిల్లలను ముందు ఆ భయం నుంచి బయటికి తీసుకురండి. అది చాలావరకు ఆ ఫ్లాట్‌లోనో, ఆ అంతస్తులోనో ఉంటుంది. చలికి అది కోరుకునే సందు వెతకండి: ఫ్రిజ్ వెనక కంప్రెసర్ పక్కన, ఇన్వర్టర్ కింద, వాషింగ్ మెషిన్ అడుగున, గీజర్ ఉన్న అటక మీద, వాడని చెప్పుల స్టాండులో, దుప్పట్లు మడిచి పెట్టిన అల్మారా కింది అరలో. రాత్రి పడుకునేముందు ప్రతి గుమ్మం దగ్గర, మెట్ల మొదట్లో ముగ్గుపిండి పలచగా చల్లండి. పొద్దున దాని మీద ఈడ్చుకుపోయిన గీత కనబడితే అది ఏ గదిలోకి పోయిందో తెలిసిపోతుంది. ఆ గది తలుపు కింద గుడ్డ కుక్కి, మూలలు ఒక్కొక్కటే చూడండి.

దొరికితే దిండు గలీబులో మెల్లగా వేసి మూతి ముడి వెయ్యండి, ఆ గలీబును గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి వెచ్చటి గదిలో ఉంచండి. వేడినీళ్ల సంచి ఆనించకండి, పొట్ట కాలిపోయినా దానికి తెలియదు. చల్లబడిన పాముకు ఎలుక పెట్టకండి, ఎందుకో పైన చెప్పాను. మూతి దగ్గర బుడగలు, గరగర ఉంటే అదే రోజు పశువైద్యుడికి చూపించండి.

పాము తాలూకు వాళ్లకు ఒక మాట కోపం లేకుండా చెప్పండి. 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జంతువులను పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, చనిపోయినా కూడా తెలియజేయాలి. కాగితాలు లేవని భయపడి చాలామంది రాత్రిపూట తీసుకెళ్లి అలిపిరి వైపు చెట్లలో వదిలేస్తారు. అలా వదలకుండా అటవీ శాఖ వాళ్లకు అప్పజెప్పమనండి. వాళ్లు ఒంటరిగా వెళ్లడానికి జంకుతుంటే తోడు నేనొస్తాను. ఈ వారం పొద్దున ఏడింటి తర్వాత ఎప్పుడైనా సరే. పిండి మీద గీత కనబడితే ముందు దాని ఫొటో ఇక్కడ పెట్టండి, ఎటు వెళ్లిందో చూసి చెబుతాను.